క్రూయిజ్‌లో డ్రింక్స్ ప్యాకేజీ: ఎన్నో గ్లాసు దగ్గర గిట్టుబాటు?



ఈమధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. చూడటానికి అది వైద్యశాస్త్రానికి చెందినది కాదు, అంకగణితానికి చెందినది. "డాక్టరుగారూ, క్రూయిజ్‌కు వెళ్తున్నాం. డ్రింక్స్ ప్యాకేజీ ముందే కొనుక్కుంటే లాభమా, గ్లాసు గ్లాసుకూ చెల్లిస్తే లాభమా?" అడిగేవారిలో అత్యధికులు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో ఉద్యోగం చేసే ముప్పై నలభై ఏళ్ల వయసువారు. లెక్కలే వృత్తిగా బతికేవారు. వారికి నా వంటి వృద్ధవైద్యుడు లెక్క నేర్పవలసిన అవసరం లేదు. కాని వారి లెక్కలో ఒక గడి ఖాళీగా ఉంటోంది. ఆ గడిని నింపడానికే ఈ వ్యాసం.

నౌకావిహారం మనవారికి అందుబాటులోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. 2021లో కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్’ నౌక ముంబయి నుంచి యాత్రలు ఆరంభించింది. 2022 జూన్‌లో అదే నౌక విశాఖపట్నం రేవుకు వచ్చినప్పుడు పత్రికలన్నీ పెద్ద పెద్ద బొమ్మలు వేశాయి. 2023లో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. ఇక శంషాబాదులో విమానమెక్కి సింగపూరులో దిగి, అక్కడినుంచి మూడు నాలుగు రాత్రుల ఓడ ఎక్కడం ఐటీ కుటుంబాలలో సర్వసాధారణమైపోయింది. మంచిదే. సముద్రాన్ని చూడటం మనసుకు ఆరోగ్యం. గది, భోజనం, ఈతకొలను, నాటకశాల అన్నీ టికెట్టులోనే. మద్యానికీ, శీతల పానీయాలకూ మాత్రం విడిగా చెల్లించాలి. అక్కడే ఈ ప్యాకేజీ ప్రవేశిస్తుంది: రోజుకింత అని ముందుగా కట్టండి, ఆపై ఎన్ని గ్లాసులైనా మీ ఇష్టం.

మొదట డబ్బు లెక్కే చూద్దాం. ఓడను బట్టి, ప్రయాణాన్ని బట్టి ధరలు మారతాయి కనుక కింది అంకెలు కేవలం ఉదాహరణకు నేను వేసుకున్నవి. మీ ఓడ ధరలు మీరు వేసుకోండి. ప్యాకేజీ రోజుకు 5,500 రూపాయలు, విడిగా కొంటే గ్లాసు 900 రూపాయలు అనుకుందాం. రెండింటిమీదా సేవా రుసుము పడుతుంది. చాలా ఓడల్లో అది 18 శాతం, కొన్నింట ఇంకా ఎక్కువ. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించే ధరలో ఇది కలిసి ఉండదని గమనించండి. 5,500ను 900తో భాగిస్తే 6.1 వస్తుంది. అంటే ఏడో గ్లాసు పుచ్చుకుంటేగాని మీ డబ్బు మీకు రాదు. మంచినీళ్ల సీసాలు, కాఫీ, పళ్లరసాలు కూడా ప్యాకేజీలోనే వస్తాయి కదా అంటారు. సరే, వాటికి ఉదారంగా రోజుకు వెయ్యి రూపాయలు తీసివేయండి. అప్పటికీ ఐదు గ్లాసులు మిగులుతాయి. ఒకరోజు కాదు, ప్రయాణం సాగినన్ని రోజులూ ఐదేసి గ్లాసులు. ఎందుకంటే ప్యాకేజీని సాధారణంగా మొత్తం యాత్రకు కొనాలి. తాగిన రోజుకు మాత్రమే కట్టే వీలుండదు. ఓడ రేవులో ఆగి, మీరు పగలంతా ఊరు చూడటానికి దిగిపోయినా ఆ రోజు రుసుము ఆగదు. ఆ లోటు మర్నాటి గ్లాసుల మీద పడుతుంది.

సరే, ఐదు. ఇక్కడిదాకా మీరందరూ లెక్క వేస్తారు. ఖాళీగా ఉంటోందన్న గడి దీని తరువాతది: ఆ ఐదు గ్లాసుల్లో ఆల్కహాలు ఎంత?

మద్యాన్ని వైద్యులు గ్లాసుల్లో కొలవరు, గ్రాముల్లో కొలుస్తారు. ఆల్కహాలు సాంద్రత 0.79. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీలలో 42.8 శాతం ఆల్కహాలుంటుంది కనుక 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాములు, 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో 20 గ్రాములు ఉన్నట్టు. 5 శాతం ఉన్న 330 మిల్లీలీటర్ల బీరులో 13 గ్రాములు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో, 8 శాతం అనుకుంటే, 41 గ్రాములు. ‘నేను బీరు మాత్రమే తాగుతానండీ’ అని నిశ్చింతగా చెప్పేవారు ఈ చివరి అంకెను మరొక్కసారి చూడాలి. ఓడల్లో పోసే ఒక్కో గ్లాసు అమెరికా కొలత ప్రకారం సుమారు 14 గ్రాములు. కాక్‌టెయిల్ అయితే ఇంకా ఎక్కువే ఉండవచ్చు.

ఐదు గ్లాసులంటే 70 గ్రాములు. పురుషులు సుమారు రెండు గంటల వ్యవధిలో ఐదు, స్త్రీలు నాలుగు అటువంటి గ్లాసులు పుచ్చుకుంటే దానిని ‘బింజ్ డ్రింకింగ్’, అంటే ఒక్క ఊపున మితిమీరి తాగడం, అని అమెరికా జాతీయ ఆల్కహాల్ పరిశోధనా సంస్థ నిర్వచించింది. ఓడలో అంత త్వరగా తాగకపోవచ్చు, రోజంతా పంచుకుని తాగవచ్చు. కాని కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాముల వరకే ఆల్కహాలును వదిలించగలదు. 70 గ్రాములకు ఏడు నుంచి పది గంటల పని. అర్ధరాత్రి చివరి గ్లాసు దించినవారి కాలేయం తెల్లవారి అల్పాహారవేళకు కూడా పనిలోనే ఉండవచ్చు. అప్పటికి మరుసటి రోజు ప్యాకేజీ తలుపు తెరుచుకుని ఉంటుంది.

ఇప్పుడు రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ సంఖ్య దగ్గర డబ్బు గిట్టుబాటవడం మొదలవుతుందో, దాదాపు అదే సంఖ్య దగ్గర శరీరానికి హాని తీవ్రమవుతోంది. ఇది యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. ప్యాకేజీ ధరను నిర్ణయించేవారు సగటు ప్రయాణికుడు ఎంత తాగుతాడో ఎరిగినవారు. ఆ సగటు కంటె పైనే ధర పెడతారు. లేకుంటే వారి వ్యాపారం సాగదు. కాబట్టి మీరు మితంగా పుచ్చుకునేవారైతే ప్యాకేజీ నష్టం. ప్యాకేజీ మీకు లాభించిందంటే మీరు మితంగా పుచ్చుకోలేదని అర్థం. ఈ రెండింటికీ మధ్య మూడో దారి నాకు కనిపించలేదు. ధరలు కొంత తగ్గించి వేసి చూశాను, పండుగ రాయితీలు కలిపి చూశాను. నాలుగు గ్లాసులకు దిగుతుంది, అంతే.

‘డబ్బు కట్టినంతమాత్రాన తాగాలని ఏముంది? మా నిగ్రహం మాకుంది’ అనే పాఠకులుంటారు. ఉంటుంది, కాదనను. కాని ముందుగా చెల్లించిన సొమ్ము మనిషి చేత ఏం చేయిస్తుందో మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరిశీలించారు. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనే పరిశోధకులు ఒక విశ్వవిద్యాలయ నాటకశాలలో ఏడాది టికెట్లు కొన్నవారిని గమనించారు. కొందరికి పూర్తి ధరకు, కొందరికి యాదృచ్ఛికంగా తగ్గింపు ధరకు టికెట్లు ఇచ్చారు. నాటకాలు అవే, కుర్చీలు అవే. అయినా పూర్తి ధర చెల్లించినవారు ఆ నాటక ఋతువు మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు హాజరయ్యారు. పెట్టిన డబ్బు వారిని ఇంటినుంచి లేపి నడిపించింది. రెండో సగానికి వచ్చేసరికి ఆ ప్రభావం సన్నగిల్లింది. నాటకానికి ఒకటి ఎక్కువ వెళ్తే నష్టం లేదు. కాని మూడు రాత్రుల ఓడ ప్రయాణంలో ఆ ప్రభావం సన్నగిల్లేంత వ్యవధి ఎక్కడిది? ఇక మనలో ‘ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతాం’ అనే నానుడి ఊరికే పుట్టలేదు. ప్యాకేజీ ఊరికే రాదు. డబ్బు కట్టిన మరుక్షణం నుంచి ఊరికే వచ్చినట్టు అనిపిస్తుంది. ఆ భ్రాంతినే మనకు అమ్ముతున్నారు.

విడిగా చెల్లించేటప్పుడు ప్రతి గ్లాసుకూ ఒక చిన్న ఆటంకం ఉంటుంది. ధర కనిపిస్తుంది, సంతకం పెట్టాలి, ఒక్క క్షణం ఆలోచన వస్తుంది. వైద్యుడిగా నేను ఆ క్షణాన్ని ఎంతో విలువైనదిగా భావిస్తాను. నా రోగులలో తాగుడు తగ్గించుకోగలిగినవారు చాలామంది మహా సంకల్పంతో కాక, ఇటువంటి చిన్న చిన్న ఆటంకాలను తమకు తాము కల్పించుకునే తగ్గించుకున్నారు. ఇంట్లో సీసా నిలవ ఉంచకపోవడం, జేబులో పరిమితంగా డబ్బు పెట్టుకోవడం, బజారుకు నడిచి వెళ్లవలసి రావడం, ఇటువంటివే. ప్యాకేజీ సరిగ్గా ఆ ఆటంకాన్నే తొలగిస్తుంది.

ఇంకొక నిబంధన గురించి చెప్పాలి. అనేక అంతర్జాతీయ ఓడల్లో ఒకే గదిలో ఉండే పెద్దవారిలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే తక్కినవారూ కొని తీరాలి. ఒకరు కొని ఇద్దరు తాగుతారన్న భయంతో పెట్టిన నియమమిది. మద్యం ముట్టని ఒక అమ్మాయి నాతో అన్నది: "అంకుల్, మా ఆయన ఒక్కరికే తీసుకుందామంటే కుదరదట. నా డబ్బు దండగ కాకూడదని ఇప్పుడు ఆయన ‘నువ్వూ కాక్‌టెయిల్ రుచి చూడు’ అంటున్నారు." ఈ మాటల్లో ఉన్న ప్రమాదం నాకు ఓడలో ఉన్న ప్రమాదాలన్నిటికంటె పెద్దదిగా కనిపించింది. తాగని మనిషి తాగడం మొదలుపెట్టడానికి కారణం కుతూహలం కాదు, స్నేహితుల ఒత్తిడి కాదు, కేవలం బిల్లు! గదిలో ఇద్దరుంటే, ఒకరు తాగనివారైతే, తాగేవారు ఇద్దరి ధరకూ సరిపడా తాగాలి. పై ఉదాహరణలో అది రోజుకు పన్నెండు గ్లాసుల పైమాట. అక్కడితో ఆ ప్యాకేజీ గురించి చర్చ ముగియాలి.

‘అపరిమితం’ అన్న మాటకూ ఒక పరిమితి ఉంది. అమెరికాకు చెందిన కార్నివాల్ సంస్థ ప్యాకేజీలో 24 గంటలకు 15 మద్యపు గ్లాసులు దాటనివ్వరు. పదిహేను గ్లాసులంటే 210 గ్రాములు! ఆ సంఖ్య ప్రయాణికుడి క్షేమం కోసం గీసిన గీత కాదని, వ్యాపారం కోసం గీసిన గీత అని గ్రహించడానికి వైద్యవిద్య అక్కరలేదు.

ఓడ ఎక్కనివారు ఇదంతా తమకు సంబంధించినది కాదనుకోవద్దు. మన సైబరాబాదులోనే, ఆదివారం మధ్యాహ్నం ‘అన్‌లిమిటెడ్’ బ్రంచ్ అని ఒక సంప్రదాయం స్థిరపడింది. నిర్ణీత రుసుము, నిర్ణీత వ్యవధి, ఆ వ్యవధిలో ఎంతైనా. ఆరోగ్యరీత్యా ఇది ఓడ ప్యాకేజీ కంటె కూడా చెడ్డది. ఓడలో రోజంతా ఉంటుంది, ఇక్కడ మూడు గంటలే. గడియారం చూసుకుంటూ తాగడం కంటె కాలేయానికి శత్రువు లేదు. దీనికి లెక్క వేసేటప్పుడు మొత్తం రుసుమును చూడకండి. మద్యం లేని భోజనానికి ఎంత, మద్యంతో ఎంత, ఆ తేడాను మాత్రమే చూడండి. తేడా 1,500 రూపాయలు, బీరు గ్లాసు 400 అనుకుంటే నాలుగో గ్లాసు దగ్గర గిట్టుబాటు. గ్లాసు 330 మిల్లీలీటర్లయితే నాలుగింటికి 52 గ్రాములు. 70 కిలోల బరువున్న పురుషుడు పన్నెండున్నరకు మొదలుపెట్టి మూడున్నరకు లేచాడనుకోండి. ఆ మూడు గంటల్లో శరీరం కొంత వదిలించుకోగా, అతని రక్తంలో 100 మిల్లీలీటర్లకు సుమారు 60 మిల్లీగ్రాముల ఆల్కహాలు మిగిలి ఉంటుందని అంచనా. కడుపునిండా తిని ఉంటే కాస్త తగ్గవచ్చు. బరువు తక్కువైనవారికి, స్త్రీలకు ఇంకా ఎక్కువే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంటే తన డబ్బు సరిగ్గా రాబట్టుకుని, ఒక్క గ్లాసు కూడా ఎక్కువ తాగకుండా లేచిన బుద్ధిమంతుడు కూడా చట్టపరిమితికి రెట్టింపు మత్తుతో బయటి రింగురోడ్డు ఎక్కుతున్నాడు. ఆ ఆల్కహాలు పూర్తిగా పోవడానికి రాత్రి ఏడున్నర, ఎనిమిది కావచ్చు. కాఫీ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం ఈ వేగాన్ని ఏమాత్రం పెంచవు. బీరు గ్లాసుల ఖరీదు లెక్కించినవారు ఇంటికి వెళ్లే కారు అద్దెను ఎందుకు కలపరో నాకు అర్థం కాదు.

ఇప్పుడు అసలు ఆందోళనకు వస్తాను. ఈ ప్రశ్న అడుగుతున్నవారు ఎవరు? ఐటీ ఉద్యోగులు. వారి కాలేయాల పరిస్థితి ఏమిటి? హైదరాబాదు విశ్వవిద్యాలయం, గచ్చిబౌలిలోని ఏఐజీ ఆసుపత్రి కలిసి చేసిన ఒక అధ్యయనం 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వెలువడింది. మన నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించగా 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు అధికంగా పేరుకుని ఉంది. 71 శాతం మందికి ఊబకాయం ఉంది. కేంద్ర ఆరోగ్యమంత్రి పార్లమెంటులోనే ఈ అంకెలను ప్రస్తావించారు. గంటల తరబడి కూర్చోవడం, అమెరికా సమయాలకు మేలుకోవడం, అర్ధరాత్రి బిర్యానీ, నిద్రలేమి, ఇవన్నీ కలిసి తెచ్చిపెట్టిన దుస్థితి ఇది. ఆరుగురు స్నేహితులు ఒక బల్ల చుట్టూ కూర్చుని ప్యాకేజీ కొందామా వద్దా అని చర్చిస్తుంటే, ఆ అధ్యయనం ప్రకారం వారిలో ఐదుగురి కాలేయం అప్పటికే బరువెక్కి ఉండే అవకాశం ఉంది.

కొవ్వు చేరిన కాలేయం మీద ఆల్కహాలు పడితే రెండు హానులు కూడటం మాత్రమే కాదు, ఒకదానినొకటి పెంచుకుంటాయి. అందుకే 2023లో ప్రపంచవ్యాప్తంగా కాలేయ నిపుణులు ఈ జంటకు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టారు: ‘మెట్‌ఏఎల్‌డీ’. జీవక్రియ లోపాల వల్ల కొవ్వు చేరి, దానికి తోడు పురుషులైతే వారానికి 210 నుంచి 420 గ్రాములు, స్త్రీలైతే 140 నుంచి 350 గ్రాముల ఆల్కహాలు తీసుకునేవారు ఈ కోవలోకి వస్తారు. రోజుకు ఐదు గ్లాసుల చొప్పున నాలుగు రోజుల ఓడ ప్రయాణం 280 గ్రాములు. ఒక్క ప్రయాణంతో ఎవరికీ ఈ వ్యాధి రాదు, అది నిలకడగా సాగే అలవాటును బట్టి నిర్ణయించేది. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఒక వారమంతటికీ హానికరమని నిపుణులు గీసిన గీతను నాలుగు రోజుల్లోనే దాటించే సరుకు అది అని తెలియాలి, అంతే.

‘మా ఎస్‌జీపీటీ మామూలుగానే ఉంది’ అని ధైర్యం చెప్పుకునేవారికి ఒక మాట. ఆ రక్తపరీక్ష మామూలుగా ఉన్నంతమాత్రాన కాలేయంలో కొవ్వు లేదని, మచ్చకట్టడం మొదలుకాలేదని చెప్పలేం. అల్ట్రాసౌండ్‌లోనో, ఫైబ్రోస్కాన్‌లోనో బయటపడినవారిని ఎందరినో చూశాను. ‘ఎంత తాగుతారు?’ అంటే ‘సోషల్‌గానే డాక్టరుగారూ’ అనేవారు. వృత్తిజీవితమంతా విన్నా ఆ ‘సోషల్’ అన్నది ఎన్ని మిల్లీలీటర్లో నాకు తేలలేదు.

సముద్రం మీద మరికొన్ని ప్రత్యేకమైన జాగ్రత్తలున్నాయి. ఓడ ఊగుతుందని మనవారు అవోమిన్ వంటి మాత్రలు వెంట తీసుకువెళ్తారు. ఆ మాత్రకే మత్తు స్వభావం ఉంది; దానిపైన మద్యం పడితే మత్తు రెట్టింపై, మెట్లమీద, తడి డెక్కుమీద పడిపోయే ప్రమాదం ఉంది. మధుమేహానికి గ్లిమెపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో వాడేవారికి మద్యం వల్ల గంటల తరువాత, నిద్రలోనే చక్కెర పడిపోవచ్చు. ఆ తూలుడును పక్కనున్నవారు మత్తుగా పొరబడతారు. ట్రైగ్లిసరైడ్లు బాగా ఎక్కువగా ఉన్నవారికి మితిమీరిన తాగుడు క్లోమశోథను తెచ్చిపెట్టవచ్చు. అంతవరకు గుండెజబ్బు లేనివారికి కూడా సెలవుల్లో విపరీతంగా తాగాక గుండె లయ తప్పడాన్ని 1978లోనే వైద్యులు ‘హాలిడే హార్ట్’ అని వర్ణించారు, పేరులోనే సెలవుంది. ఇవన్నీ గచ్చిబౌలిలో జరిగితే పది నిమిషాల్లో పెద్దాసుపత్రి. నడిసముద్రంలో ఉండేది చిన్న వైద్యశాల. దాని బిల్లు వేరు. ప్రయాణ బీమా ఉందంటారేమో. మద్యం మత్తులో జరిగినదానికి పరిహారం ఉండదని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. ఆ పేజీ చదవండి.

కొద్దిగా తాగితే గుండెకు మంచిదట కదా, అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యానికి సురక్షితమైన మద్యపరిమాణమంటూ ఏదీ లేదని స్పష్టంగా ప్రకటించింది. మద్యపానీయాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చి 1988 నుంచి ఇన్నేళ్లయింది. రొమ్ము క్యాన్సర్ విషయంలో తక్కువ మోతాదుకు కూడా ముప్పు కొంత పెరుగుతుంది. ఆ చర్చను ఇంతటితో వదిలేస్తాను.

అవతలి పక్షం వాదనలో ఒక్కటి మాత్రం నాకు న్యాయంగా తోస్తుంది. సెలవుకు వెళ్లేది లెక్కలు మరచిపోవడానికి. ప్రతి గ్లాసు దగ్గరా జేబు తడుముకుంటే అది సెలవు ఎలా అవుతుంది? ముందే కట్టేస్తే మనశ్శాంతి. నిజమే, మనశ్శాంతికి విలువ ఉంది. కాని అదే శాంతిని మరో విధంగా కొనవచ్చు. ప్యాకేజీకి కట్టదలచిన సొమ్ములో మూడోవంతు ‘పానీయాలకు’ అని ముందే విడిగా తీసిపెట్టండి. అది ఖర్చయినా బాధపడకండి, మిగిలినా సంతోషించండి. తక్కిన రెండు వంతులతో ఒక రేవులో మంచి విహారయాత్రకో, కిటికీ ఉన్న గదికో వెళ్లండి. ఇక ‘ఏడాదికి ఒక్కసారే కదా’ అన్న వాదనను నేను అంగీకరించలేను. ఏడాదికి ఒక్కసారి క్రూయిజ్, ఒక్కసారి టీమ్ ఔటింగ్, నాలుగు సంగీత్‌లు, పన్నెండు ఆదివారాలు. అన్నీ ‘ఒక్కసారే’.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద తిరగబడినప్పుడు వారిని నడిపించింది వైద్యశాస్త్రం కాదు, ఇంటి జమాఖర్చు. కూలి డబ్బు సారా దుకాణానికి పోతే పొయ్యిమీదకు ఏమీ రాదన్న లెక్క అది. ఆ లెక్క 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో నిషేధం సడలింది. దాని మంచిచెడ్డలు వేరే కథ. నేను చెప్పదలచింది ఒకటే. ఆ తల్లులు ‘పోయేది ఎంత’ అని లెక్కించారు. పట్టభద్రులమైన మనం ‘రాబట్టేది ఎంత’ అని లెక్కిస్తున్నాం.

మద్యం లేని శీతల పానీయాల ప్యాకేజీ సంగతి కూడా అడుగుతున్నారు, ముఖ్యంగా పిల్లలున్న తల్లిదండ్రులు. సూత్రం అదే, విషం మారుతుంది. 330 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 35 గ్రాముల చక్కెర. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తానికి చేర్చుకునే చక్కెర 20 నుంచి 25 గ్రాములకు మించరాదు. ఒక్క డబ్బాతోనే రోజు కోటా దాటిపోయింది. మాక్‌టెయిల్‌లో సిరప్పులు ఉంటాయి కనుక అదీ తీసిపోదు. కాఫీ, సోడా, చక్కెర లేని పానీయాలు బాగా తాగే పెద్దవారికి మాత్రం ఈ చిన్న ప్యాకేజీ గిట్టుబాటు కావచ్చు. లెక్క వేసుకోండి. చాలా ఓడల్లో భోజనశాలలో మంచినీరు, టీ, మామూలు కాఫీ ఉచితంగానే లభిస్తాయని మరవకండి.

కొవ్వు కాలేయం ఉందని ఇప్పటికే తేలినవారు, కామెర్లు వచ్చి తగ్గినవారు, గర్భవతులు, నిద్రమాత్రలు వాడేవారు ఈ లెక్కే వేయనక్కరలేదు. వారికి గిట్టుబాటయ్యే గ్లాసు లేదు. తక్కినవారు తాగాలనుకుంటే విడిగా కొనుక్కోండి, భోజనంతో పాటే పుచ్చుకోండి, గ్లాసుకూ గ్లాసుకూ మధ్య నీళ్లు తాగండి. ఓడలో నగదు చేతికి తగలదు, అన్నీ గది కార్డు మీదే నమోదవుతాయి. కనుక రాత్రి పడుకునే ముందు ఆ ఖాతా ఒకసారి చూసుకోండి. ఒకవేళ ప్యాకేజీ లేకుండా మూడు రోజులు గడపడం ఊహకే కష్టంగా ఉందంటే, ఉదయాన్నే చేతులు వణుకుతున్నాయంటే, అది ప్రయాణపు సమస్య కాదు. అటువంటివారు ఒక్కసారిగా మానేయడం కూడా ప్రమాదమే, ఫిట్స్ రావచ్చు. ముందు వైద్యుణ్ణి కలవండి. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో ఇందుకు వైద్యం లభిస్తుంది. టెలీ మానస్ 14416, మత్తు విముక్తి సహాయవాణి 14446 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇప్పటికే ప్యాకేజీ కొనేసినవారు కంగారుపడనక్కరలేదు. అనేక సంస్థలు ఓడ బయలుదేరే ముందు ఒక గడువులోపు దానిని రద్దు చేసుకుని డబ్బు వాపసు పొందనిస్తాయి. మీ బుకింగ్ పత్రంలో ఆ గడువు ఎప్పుడో ఈ రాత్రే చూసుకోండి.